సినిమాలో నేను చచ్చిన రోజు

ఓ సినిమాలో చావుని నిలువునా పాడుచేసిన మనిషిని నేనేనండి. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే పక్కింటి పంతులమ్మగారు రాస్తున్నారు. ఆవిడ నవ్వడం ఆపితే ఇది మీదాకా వస్తుంది.

సెల్‌ఫోన్లు మా వైపు ఇంకా రాని రోజులు. రాజమండ్రి అవతల గోదారి లంకలో షూటింగు పెట్టారు. కథలో హీరో ఇసకలో చచ్చి పడుంటాడు, పెంచిన కుక్క వచ్చి పక్కన పడుకుని కదలదు. వాళ్ళు తెచ్చుకున్న కుక్కకి జబ్బు చేసిందట. నేను చేపల గంప దించుకుంటుంటే, నా వెనకున్న మా కుక్క సింగడు వాళ్ళ కంటబడ్డాడు.

"చెప్పిన మాట వింటుందా అమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"మా ఆయన పోయాక ఇంట్లో నా మాట వినేది వాడేనండి," అన్నాను. ఎందుకన్నానో మరి. మాట వినే సింగడు తిన్నగా వెళ్ళి, చచ్చిపోయిన హీరోగారి కాలి మీద కాలెత్తాడు.

వాళ్ళ మేనేజరు మందుల డబ్బా తెరిచాడు. "మత్తు సూది ఇచ్చేద్దాం సార్. అదే పడుంటుంది."

సింగడికి అడ్డంగా నిలబడ్డాను. "ఆ సూది నాకు పొడవండి బాబూ. వాడి మీద చెయ్యి పడితే ఊరుకోను. వాణ్ణి నేను పడుకోబెడతాను."

గంపలోంచి గుప్పెడు ఎండు నెత్తళ్ళు తీసి హీరోగారి చొక్కాలో దోపాను. సింగడికంటే ముందు లంకలోని కాకులన్నీ పెళ్ళి భోజనానికొచ్చినట్టు దిగాయి. హీరోగారు కళ్ళు మూసుకునే, "సార్, నన్నేదో పొడుస్తోంది," అన్నారు.

మేనేజరు మళ్ళీ సూది తీశాడు.

"ఆ చొక్కా దులిపి ఇటివ్వండి," అన్నాను. "నేనే చస్తాను. వెనక నుంచి చూస్తే ఎవరైతే ఏంటండి?"

చీర మీదే హీరోగారి ప్యాంటూ చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టి, బోర్లా పడుకున్నాను. సింగడు వచ్చాడు. నా చేతిని ముక్కుతో నెట్టాడు. నేను కదల్లేదు. నా వీపు మీద గెడ్డం ఆనించి పడుకున్నాడు. "అలాగే, అలాగే," అంటున్నారు డైరెక్టరుగారు.

నోరు మూసుకునుంటే అయిపోయేదే. ఇంతలో సింగడు మోర ఎత్తి ఏడ్చాడు. మా ఆయన శవాన్ని అరుగు మీంచి లేపిన రోజు ఏడ్చాడు అలా. తర్వాత ముద్ద ముట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని గంజి పోసి బతికించుకున్నాను.

చటుక్కున లేచి కూచుని, "ఏడవకురా నాన్నా, నేనెక్కడికీ పోలేదు," అన్నాను.

కెమెరా అబ్బాయి నవ్వుతూ ఇసకలో పడి దొర్లాడు.

"శవం లేవకూడదమ్మా," అన్నారు డైరెక్టరుగారు.

"శవం లేవకపోతే వీడు అన్నం మానేస్తాడండి."

"ఇంకొక్కసారి..."

"వీడికి నా చావు ఇంకోసారి చూపించను. సూదీ వెయ్యనివ్వను. మీ ఇష్టం."

ఆయన సింగడికేసి చూసి, "వచ్చినంతవరకూ వాడదాం. సూది లోపల పెట్టవయ్యా," అన్నారు మేనేజరుతో.

సినిమా వచ్చాక హాలుకెళ్ళాను. ఆ చావు దగ్గర అందరూ ముక్కులు చీదుతుంటే నాకు నవ్వాగలేదు. పక్కావిడకి ఒళ్ళు మండింది. "మనిషి పోతే నవ్వుతావేంటి, జాలి లేదా?"

"పోయింది నేనేనండి," అన్నాను.

ఆవిడ లేచెళ్ళి వేరే కుర్చీలో కూచుంది.

ఆ షూటింగు రోజే గోదారి సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఎంత పెద్ద డైరెక్టరు వచ్చి కాళ్ళావేళ్ళా పడినా సరే, సింగడు బతికుండగా నేను మళ్ళీ చచ్చేది లేదు.