ఫ్రేములోని గడ్డాల అభ్యర్థులు

ముహర్రక్ పాత బజారులో ఫ్రేము కట్టించి తెచ్చిన బొమ్మను సోఫాకు ఆనించి చూస్తుంటే, ఇది నేనిచ్చిన బొమ్మేనా అన్న అనుమానం మొదలైంది.

అమెరికాలో నూట యాభై ఏళ్ళ కిందటి ఎన్నికల ప్రచారానికి అచ్చువేసిన బొమ్మ అది. పక్కపక్కన రెండు కోడిగుడ్డు ఆకారపు గీతల్లో ఇద్దరు గడ్డాల పెద్దమనుషులు. ఒకరు అధ్యక్ష పదవికి, ఒకరు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నవారు. పైన రెక్కలు విప్పిన గద్ద, అటూ ఇటూ జెండాలు, ఎర్ర తెర, కింద ఒక నాగలి, అన్నిటి చుట్టూ సన్నటి గీత. నేను బహ్రెయిన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగుల కాపీలు భద్రపరిచే ఉద్యోగం చేసినప్పుడు, మా అమెరికా ఇంజనీరు స్వదేశం వెళ్ళిపోతూ దాన్ని గొట్టంలో చుట్టి ఇచ్చాడు. ఆ రోజు డైరీలో "పాత ఎన్నికల బొమ్మ. అసలుది" అని రాసుకున్నాను. రిటైరై సనాబిస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉండడం మొదలుపెట్టాక గాని దానికి ఫ్రేము కట్టించలేదు.

"ఇద్దరూ పెళ్ళి చెడగొట్టడానికొచ్చిన మేనమామల్లా ఉన్నారు. హాల్లో మాత్రం పెట్టకండి" అంది మా ఆవిడ.

"అది కాదు. కాగితం ఇంత తెల్లగా ఉండేదా?"

"అద్దం కొత్తది కదండీ. మీకు కొత్త చెప్పులిచ్చినా ఎవరివో అంటారు."

మందు సీసాల మీద అక్షరాలు చదవడానికి కొన్న భూతద్దం తెచ్చి ఎర్ర తెర మీద పెట్టాను. తెర నిండా సన్నటి చుక్కలు. ఆ కాలంలో బొమ్మను రాతి మీద గీసి అచ్చు తీసేవారు, రంగులు చేత్తో అద్దేవారు. ఇలా వరసలు కట్టిన చుక్కలంటే ఈ కాలపు మిషను పనే. నా ఎదురుగా ఉన్నది నకలు.

ఆ సాయంత్రం డైరీలో అనుమానాలన్నీ వరసగా రాశాను. ఫ్రేములు కట్టే అతను చెప్పిన రోజుకు ఇవ్వకుండా ఇంకో వారం ఎందుకడిగాడు? నేను వెళ్ళినప్పుడు బొమ్మ మీద గుడ్డ ఎందుకు కప్పి ఉంది? "గిది చానా పాతదా సార్?" అని రెండుసార్లు ఎందుకడిగాడు? అతను జగిత్యాల వైపు మనిషి. పదిహేనేళ్ళుగా ఆ ఒక్క దుకాణంలోనే పని. తెలుగువాణ్ణని నాకు టీ తెప్పించేవాడు. ఆ టీని కూడా అనుమానాల్లో చేర్చాను.

మర్నాడు వెళ్తే అతను లేడు. సఖీర్‌లో ఎవరి ఇంట్లోనో బొమ్మలు తగిలించడానికి వెళ్ళాడట. దుకాణం యజమాని, అంటే అతని వీసాకు పూచీ ఉన్న కఫీల్, లోపల కూర్చుని ఉన్నాడు. నాకొచ్చిన హిందీలో అంతా చెప్పాను. అసలు బొమ్మ ఉంచుకుని నకలు పెట్టాడన్నాను. యజమాని తసబీ పూసలు తిప్పుతూ, "వచ్చే నెలతో అతని వీసా అయిపోతుంది. రెన్యూవల్ చేయను. ఖలాస్" అన్నాడు. నేను కాదనలేదు.

రెండు రోజులకు ఫ్రేములు కట్టే అతని నుంచి ఫోన్ వచ్చింది. "సార్, బొమ్మ పట్టుకోని ఒక్కపారి రాండ్రి. మీ ముంగటనే ఇప్పుత."

వెళ్ళాను. అతను నా ముఖం చూడకుండా ఫ్రేమును బల్ల మీద బోర్లించాడు.

"నేను మార్చిన్నా సార్? గీ గడ్డపోల్లతోని నాకేం పని? ఇంట్ల పెట్టుకుంటే పోరగాళ్ళు జడుసుకుంటరు."

"చుక్కలున్నాయి. భూతద్దంతో చూశాను."

"చుక్కలుంటే ఉండనియ్యిన్రి. మీరు తెచ్చినప్పుడు సుత ఉండెనేమో. అప్పుడు సూసిన్రా?"

చూడలేదు. డైరీలో అసలుదని రాసి ఉండగా మళ్ళీ చూడాలని నాకు తోచలేదు.

వెనక అట్ట తీశాడు. బొమ్మకూ చెక్కకూ మధ్య సందుల్లో మడతపెట్టిన కాగితం పేలికలున్నాయి. "బొమ్మ కదలకుంట పెడ్త. వేరే కాగితం కాదు, మీ బొమ్మకెల్లి కోసిన అంచులే" అంటూ ఒక్కొక్కటి విప్పి బల్ల మీద పరిచాడు. కింది అంచు పేలిక మీద చీమతలకాయంత అక్షరాలు ఉన్నాయి. భూతద్దం పెట్టి చదివాను. పాత ముద్రణకు ఇది నకలు అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ఆ పేలికను బొమ్మ అంచుకు చేర్చి చూశాను. గీత దాటిన నాగలి కొన సగం ఇటు, సగం అటు. సరిగ్గా కలిసింది.

"అంచులెందుకు కోశావు?"

ఆర్డరు పుస్తకం తెరిచి నా ముందు తోశాడు. నా చేతిరాతే. "గీత వెంట నాలుగు వైపులా కత్తిరించవలెను." మా ఆఫీసులో ప్రతి డ్రాయింగు కాపీకీ చుట్టూ గీత ఉండేది. దాని బయట ఉన్నదంతా కోసి పారేయడం పద్ధతి. ఆ అలవాటుతోనే, అక్కడేముందో చదవకుండా రాసిచ్చాను.

ఇంజనీరు తెలిసే నకలిచ్చాడా? అసలుదని అతనన్నాడా, నేనే అనుకున్నానా? డైరీలో ఆ రెండు ముక్కలు తప్ప అతని మాట ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళ డైరీల్లో ఇలా రాసుకున్నవి ఇంకెన్ని ఉన్నాయో.

"సార్, కఫీల్ నా పాస్‌పోర్టు పక్కకు పెట్టిండు. నోటికాడి బుక్క తీసిన్రు. మీరే చెప్పాలె."

యజమాని నమాజు నుంచి వచ్చేదాకా కూర్చున్నాను. పేలిక చూపించి, పొరపాటు నాదని చెప్పాను. ఆయన ఒకసారి నన్ను, ఒకసారి బల్లను చూసి, "నువ్వు మొన్న కూడా ఇంతే గట్టిగా చెప్పావు. కాగితం మీద రాసివ్వు" అన్నాడు. నాలుగు వాక్యాలు రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. ఆయన చదివి, ఫ్రేములు కట్టే అతన్ని పిలిచి, "యల్లా, పని చూసుకో" అన్నాడు. తర్వాతి నెల వీసా రెన్యూవల్ అయింది.

మొన్న మా మనవరాలి ఫొటోకు ఫ్రేము కట్టించాలని మళ్ళీ అక్కడికే వెళ్ళాను. అతను టీ తెప్పించలేదు. ఫొటోను బల్ల మీద పరిచి, జేబులోంచి ఫోన్ తీశాడు. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, నాలుగు మూలలకూ నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. అయిపోయిందనుకుని లేచాను.

"ఆగున్రి సార్. ఫొటో చేత పట్టుకోని గోడకాడ నిలబడున్రి. మీరు సుత రావాలె."

నిలబడ్డాను.