కోడి అధ్యక్షురాలైన ఎపిసోడ్

మా మేనత్త కుడికంటికి శుక్లం తీసినప్పుడు డాక్టరమ్మ మూడు జాగ్రత్తలు చెప్పింది. పొయ్యి దగ్గరికి పోవద్దు, తలమీద నీళ్లు పోసుకోవద్దు, ఏడవద్దు. మొదటి రెండూ సులువే. మూడోదానితోనే చిక్కొచ్చింది. సాయంత్రం సీరియల్ పెడితే పావుగంటలో అత్త కొంగు కంటిదాకా వెళ్లేది. వార్తలు పెడితే కోపంతో ముఖం ఎర్రబడేది. రెండు రోజులు చూసి మా నాన్న రిమోట్ తీసుకుని పిల్లల చానల్ పెట్టాడు.

"అక్కా, ఈడ ఎవరు సావరు, ఎవరు ఏడ్వరు. గిది సూడు," అన్నాడు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయిపోయి రాయచూరులో ఇంటిపట్టున ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాను. అత్తది కల్మల దాటాక లోపలికి ఉన్న చిన్న ఊరు. మామ పోయి అప్పటికి నాలుగేళ్లు. ఒక్కడే కొడుకు, నాకు బావ అవుతాడు, యరమరస్ పవర్ ప్లాంటులో పని. ఊళ్లో దుమ్ము, కట్టెల పొగ. రెండు కళ్లూ ఒకదాని తర్వాత ఒకటి చేయాలన్నారు కాబట్టి, అన్నీ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంచుకుందామని నాన్న ఆమెను తీసుకొచ్చాడు.

ఐదింటికి వచ్చే ఆ కార్టూన్ ఒక జంతువుల ఊరి కథ. పెద్దమనిషి ఏనుగు, కొట్టు నడిపే నక్క, కుంటలో బాతులు, కష్టమొస్తే వచ్చి కాపాడే ఎగిరే ఉడుత. అత్తకు కుడికంటి మీద పచ్చని రేకు ఉండేది, ఎడమకంట్లో ఇంకా పొర ఉండేది. రంగులు కదలడం తప్ప ఏమీ కనబడేది కాదు. రేకు తీశాక కూడా కుడికంట్లో మసక పోవడానికి చాలా వారాలు పట్టింది. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమున్నదే ఇప్పుడు?" అనేది.

"ఏనుగు బాల్కనీలో నిలబడింది అత్తా. కింద అందరూ చేతులెత్తి చూస్తున్నారు."

"ఎందుకు సూస్తున్నరు? ఏమన్న పంచుతున్నదా?"

అలా మొదలైంది. చదువుకునే పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేను బొమ్మలు చెప్పేదాన్ని, ఆమె ఆ బొమ్మల మీద అడ్డు ప్రశ్నలు వేసేది. మొదట్లో విసుక్కున్నాను. నాలుగో రోజో ఐదో రోజో బాతుల కుంట ఎండిపోయిన కథ వచ్చింది. ఉడుత ఎగిరిపోయి మేఘాన్ని లాక్కొచ్చింది, వాన పడింది, బాతులు పాట పాడాయి. కథ అయిపోయిందన్నాను.

"అయిపోయిందా? పైన నీళ్లు ఎవరు ఆపిండ్రో చెప్పలే."

"ఎవరూ ఆపలేదత్తా. ఎండాకాలం."

"ఎండాకాలం బాతులకేనా? ఏనుగు కుంట నిండుగున్నదని నువ్వే చెప్తివి గద."

నిజమే. రెండు నిమిషాల ముందు ఏనుగు తొండంతో స్నానం చేస్తోందని నేనే చెప్పాను. అత్త పొలం కాలువ చిట్టచివర ఉంది. పై ఊళ్ల మడులు తడిసి, మిగిలితే తప్ప వీళ్లదాకా నీళ్లు రావు. ఆమె మేఘాలను నమ్మే మనిషి కాదు.

ఇంకో రోజు, నేను బొమ్మ చెబుతుండగానే చెయ్యెత్తి ఆపింది. "ఆగు. గా కాకి మాట్లాడేది ఇను." విన్నాను. ఉడుత, ఏనుగు, కుందేలు అందరిదీ పుస్తకంలో ఉండే తెలుగు. రొట్టెలు ఎత్తుకుపోయే కాకిది మాత్రం "ఏంది, గిట్లెట్ల" అనే తెలుగు.

"దొంగది మనలెక్క మాట్లాడుతున్నది," అంది అత్త. కోపంగా కాదు. పోగొట్టుకున్న చెంబు పక్కింట్లో కనబడితే ఎలా అంటామో అలా అంది.

నాకప్పుడు ఒక బ్లాగు ఉండేది. నేను బడిలో చదివింది కన్నడం. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. ఆ అక్షరాలు మరిచిపోకుండా ఉండాలని ఎప్పుడైనా సినిమాల గురించి నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. కాకి మాట విన్న మరుసటి పొద్దున కూర్చుని ఆ ఎపిసోడ్ మీద సమీక్ష రాశాను. పిల్లల కార్టూన్‌లో ఎవరి తెలుగు మంచి తెలుగు, ఎవరిది దొంగ తెలుగు అని. తర్వాత బాతుల కుంట మీద రాశాను. ఎవరెవరో చదివారు. ఒకాయన హైదరాబాదు నుంచి, తమ వెబ్ పత్రికకు వారానికొకటి ఇవ్వమని ఉత్తరం రాశాడు. నా చూపు చాలా పదునుగా ఉందన్నాడు. చూపు నాది కాదని, అప్పటికి కళ్లు సరిగా కనబడని ఒక మనిషిదని జవాబు రాయాల్సింది. రాయలేదు. కృతజ్ఞతలు అని మాత్రం రాశాను.

ఆ వర్షాకాలం సాయంత్రాలు నాకిప్పటికీ గుర్తే. అత్త మంచం మీద కాళ్లు చాపుకుని, చేటలో కందులు పోసుకుని చేతివేళ్లతోనే రాళ్లు ఏరేది. కనబడకపోయినా ఒక్క రాయి మిగిలేది కాదు. కరెంటు పోతే, ఆగిన చోటునుంచి కథ ఎటు పోయుంటుందో ఇద్దరం చెప్పుకునేవాళ్లం. ఆమె చెప్పే కథలో ఉడుత వచ్చేది కాదు. బాతులే ఏనుగింటికి నడిచి వెళ్లేవి.

తర్వాత ఆ కోడి ఎపిసోడ్ వచ్చింది. ఊరికి అధ్యక్షురాలిగా కోడిని ఎన్నుకుంటారు. పెద్ద కుర్చీ, మెడలో దండ. కోడి నోరు తెరిచినప్పుడల్లా కుర్చీ వెనక దాక్కున్న నక్క మాట్లాడుతుంది. వెనకనుంచి నవ్వుల చప్పుడు. నేనూ నవ్వుతూ చెప్పాను.  కాసేపటికి చూస్తే చేటలో అత్త వేళ్లు ఆగిపోయి ఉన్నాయి.

"కోడి చేతిల కలమున్నదా?" అంది.

"ఉంది అత్తా. ఏవో కాగితాల మీద గీస్తోంది."

"ఊఁ," అంది. తర్వాత చెప్పింది.

నాకు తెలియని సంగతి కాదు గానీ మరిచిపోయిన సంగతి. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల ఊరి పంచాయితీ ఆడవాళ్లకు రిజర్వు అయితే మామ అత్తను నిలబెట్టాడు. గెలిచి అధ్యక్షురాలైంది. "మీటింగుల మీ మామ నా పక్కన నిలబడి మాట్లాడుతుండె. నేను సహి చేస్తుంటి," అంది. సహి అంటే సంతకం. ఒకసారి ఊరి చివరి కేరికి, అంటే దళితుల వాడకు, మంజూరైన బోరు కాగితం వచ్చిందట. ఆ వీధివాళ్లకు అప్పటిదాకా దగ్గర్లో నీళ్లు లేవు. కాగితంలో స్థలం మారింది, దాని మీద అత్త సహి పడింది. బోరు అత్త వాళ్లింటి ముందు పడింది. ఆ కేరి ఆడవాళ్లు కడవలు పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. మామ బయటికొచ్చి మాట్లాడి పంపేశాడు. "నేను తలుపు ఎనకాలున్న," అంది అత్త.

అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు అది చాలనిపించింది. ఆ వారం పత్రికకు పంపిన సమీక్షలో కోడి ఉంది, నక్క ఉంది, నాకు తెలిసిన ఒకామె ఉంది. భర్త చెప్పినచోట, ఏముందో తెలియని కాగితం మీద, భయంతో సంతకం పెట్టిన ఒక అమాయకురాలు. అందరూ మెచ్చుకున్నారు. అత్తను అడిగి రాయాలని నాకు తోచనే లేదు.

మా వాళ్లలో తెలుగు చదివేవాళ్లు తక్కువ కాబట్టి ఎవరి కంటా పడదనుకున్నాను. కానీ గద్వాల వైపు మామ తరఫు చుట్టం ఒకాయన చదివి, బావకు ఫోన్ చేసి మొత్తం వినిపించాడు. ఆదివారం పొద్దున్నే బావ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అమ్మను కోడి అని రాసినవా?"

"పేరు రాయలేదు బావా."

"పేరెందుకు? ఊరు తెలుస్తలేదా? సచ్చిపోయిన మా నాయనను నక్క అన్నవ్. నీకు ఏం జేసిండే ఆయన?"

నాన్న మధ్యలో ఏదో సర్దిచెప్పబోయాడు. లోపలి గదిలోంచి అత్త గోడ పట్టుకుని వచ్చింది. "నా గురించి రాసింది ఏందో నాకు ఒక్కలు సదివి ఇనిపియ్యరా?" అంది.

నేనే చదివాను. నా వాక్యాలు నా నోట్లోనే ఇసుకలా తగిలాయి. చదవడం అయింది. బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. ఒక్కటి తప్పు," అంది అత్త. "కాయితంల ఏమున్నదో తెల్వక సహి చేసిన్నని రాసినవ్. నేను నాలుగు దాక కన్నడ బడికి పోయిన. గా కాయితం కన్నడలనే ఉండె. సదివిన. సదివే సహి చేసిన."

"అమ్మా, గిదంత ఎందుకు ఇప్పుడు?" అన్నాడు బావ.

"నువ్వు ఊకో. నీకోసం చెప్తలేను." నా వైపు తిరిగింది. "కడవ మోసి మోసి నా నడుము పోయి ఉండె. ఇంటి ముందర నీళ్లొస్తయంటే నాకు సంతోషమైంది. భయం గాదు, సంతోషం. గది రాయాలె. నువ్వు అంతా నక్క మీద ఏసినవ్, నన్ను పాపం అనిపిస్తివి. నేను పాపం గాదే."

మళ్లీ రాస్తానన్నాను. రాయమంది. కానీ బావ కోరిక మీద ఆరోజే ఆ సమీక్షను తీయించేశాను. రెండోది ఎన్నిసార్లు మొదలుపెట్టినా నాకు చేతకాలేదు. కార్టూన్ కోడికి చదువు రాదు. నా వాక్యాలన్నీ ఆ కోడి కొలతకే తయారై ఉన్నాయి.

మరుసటి వారం అత్త ఎడమకంటికి కూడా ఆపరేషన్ అయింది. నెలన్నర మా ఇంట్లో ఉండాల్సింది. మొదటి చెకప్ కాగానే బావ కారు తీసుకొచ్చి తీసుకెళ్లాడు. వెళ్లేముందు అత్త నా ముఖం రెండు చేతులతో పట్టుకుని దగ్గరగా చూసింది. "మొటిమలు బాగున్నయే నీకు. ఇన్ని దినాలు కనబడలే," అంది. నేను నవ్వాను. డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ ఆమెకే గానీ నాకు కాదు కాబట్టి, కారు మలుపు తిరిగాక ఏడ్చాను.

ఇరవై రోజులకు ఫోన్ చేసింది. కేరికి వెళ్లిందట. ఆనాడు కడవతో వాకిట్లో నిలబడ్డవాళ్లలో ఒకామె ఇప్పటికీ ఉంది, అత్త ఈడుదే. ఆమెతో, కాగితం చదివే సంతకం చేశానని చెప్పిందట.

"ఏమన్నది అత్తా?"

"గప్పుడే తెల్సు అన్నది." అంది అత్త. "తెల్సి ఇన్నేండ్లు నాతోని మంచిగనే మాట్లాడింది సూడు. కూసోమన్నది. చాయ్ పెట్టింది. తాగిన." వాళ్లింట్లో చాయ్ తాగడం తన జీవితంలో అదే మొదటిసారని ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

అత్త వెళ్లాక కూడా నేను ఐదింటికి టీవీ పెట్టేదాన్ని. పత్రికకు సమీక్షలు పంపేదాన్ని. ఒకరోజు "ఇప్పుడు కుందేలు తలుపు తీస్తోంది" అని పైకే అనేశాను. వంటింట్లోంచి అమ్మ, "ఎవలతోని మాట్లాడుతున్నవే?" అంది. టీవీ ఆపేశాను. ఆ తర్వాత రాసినవాటిలో రాజకీయం ఉండేది. పెట్టుబడి, అధికారం, నేను చదువుకున్న పెద్ద మాటలన్నీ ఉండేవి. ఏనుగు కుంట నిండుగా ఉందన్నలాంటి సంగతి మాత్రం ఒంటరిగా చూస్తే నాకు తట్టేది కాదు. కొన్నాళ్లకు పంపడం మానేశాను. పత్రిక ఆయనా అడగడం మానేశాడు.

పరీక్ష పాసై లింగసుగూరులో తాలూకా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున వెళ్లి శనివారం తిరిగి వస్తాను. బస్సు ప్రతిసారీ కల్మలలో ఆగుతుంది. ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు, కండక్టర్ విజిల్ వేస్తాడు. అక్కణ్ణుంచి అత్త ఊరికి ఆటోలో ఎంతో దూరం లేదు. అయినా రెండేళ్లపాటు నేను దిగలేదు. బావ ఏమంటాడో అని కొంత. రాస్తానన్నది రాయలేదు కదా అని ఎక్కువ. దిగకపోయినా కిటికీలోంచి ఆ ఆటోల వరుస చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ముదురు రంగు చీర కట్టిన ప్రతి ముసలామె కాసేపు అత్తే అయ్యేది.

పోయిన చలికాలం ఒక శనివారం నిజంగానే అత్త కనబడింది. బస్టాపులో, చేతిలో సంచీతో. నేను బ్యాగు లాక్కుని దిగేశాను. ఆమెకు కళ్లజోడు కూడా లేదు. దూరంనుంచే గుర్తుపట్టింది.

హోటలు ముందు బెంచీ మీద కూర్చుని మిర్చి బజ్జీలు, మండక్కి అనే మసాలా బొరుగులు తిన్నాం. రాయచూరు బస్సు ఒకటి వెళ్లిపోయింది. అత్త గంటసేపు మాట్లాడింది. అంతా గ్రామసభ గురించే. కేరికి బోరు సంగతి తనే లేచి అడిగిందట. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి ఆమె పక్కన ఆ చాయ్ ఇచ్చినామె కూడా నిలబడింది. మూడోసారికి కాగితం కదిలింది. "బోరు ఇంక పడలే. పడ్డదాక పోతనే ఉంట," అంది. బావకు ఇష్టం లేదట. "వాడు అననీ. మీటింగు ఉన్ననాడు ఆటోకు వాడే ఫోన్ చేస్తడు మల్ల," అని నవ్వింది.

ఆమెకు చెబుదామని నా దగ్గర మూడు ఎపిసోడ్లు ఉన్నాయి. ఎన్నాళ్లుగానో దాచుకున్నవి. ఒకదాన్లో నత్తలు సమ్మె చేస్తాయి. ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని చూశాను. అత్త కార్టూన్ల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆటోవాడు నిండిందని కేకేశాడు. అత్త మిగిలిన మండక్కి పొట్లం నా చేతిలో పెట్టి, వెళ్లి, అప్పటికే ఇరుక్కుని కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ల మధ్య చోటు చేసుకుంది. ఆటో కదలకముందే వాళ్లతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఆమె వైపు తిరిగి వింటున్నారు.