తీసేసిన బటన్

నేనూ నా స్నేహితురాలూ అనకాపల్లిలో ఒకే బెంచీ మీద కూర్చుని డిగ్రీ చదివాం. తను ఆడవాళ్ళకి యోగా క్లాసు పెట్టినప్పుడు వెబ్‌సైటు నేనే చేసిచ్చాను. నా ఉద్యోగమే అది. తన దగ్గర రూపాయి తీసుకోలేదు. నెలనెలా ఫీజు అడగాలంటే తనకి మొహమాటం. అందుకని సభ్యుల ఖాతాల్లోంచి దానంతటదే కట్టయ్యేలా ఆటోపే పెట్టాను. ఎవరైనా మానుకోవాలనుకుంటే నొక్కడానికి, అదే పేజీలో 'ఆపేయండి' అని పెద్ద బటన్ కూడా పెట్టాను.

వచ్చేవాళ్ళలో సగం మందికి ఫోన్లో ఇలాంటివి తెలియవు. ఒక ఆదివారం పొద్దున్న ఒక్కొక్కరి పక్కనా కూర్చుని నేనే చేయించాను. పూడిమడక నుంచి చేపలు తెచ్చి మా పేటలో అమ్మే, మేమంతా అప్ప అని పిలిచే పెద్దామె ఒకావిడ మోకాళ్ళ నొప్పులకని చేరింది.

"ఇది నొక్కితే ఏటవుద్దమ్మా?" అని అడిగింది.

"నెలనెలా ఫీజు కట్టయిపోద్దప్పా. వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు."

"నువ్వు సెప్తన్నావు కదా, నొక్కెయ్."

రెండేళ్ళ తర్వాత స్నేహితురాలి భర్తకి విశాఖపట్నం బదిలీ అయింది. క్లాసు మూసేసింది. ఆ రోజు నన్ను పట్టుకుని ఏడిస్తే నేనూ ఏడ్చాను.

కొన్ని నెలలకి, ఒక మధ్యాహ్నం ఆ అప్ప ఖాళీ గంపతో మా ఇంటికి వచ్చింది. బ్యాంకులో పాసుబుక్కు ప్రింటు వేయిస్తే, యోగా ఫీజు ఇంకా పోతోందని అక్కడివాళ్ళు చెప్పారట.

"క్లాసు నేదు కదమ్మా. మరి నా డబ్బులెందుకు తీత్తన్నారు?"

సైటు తెరిచాను. నా పాస్‌వర్డు పని చేయలేదు. అప్ప ఫోన్లోంచి చూస్తే, సభ్యుల పేజీలో 'ఆపేయండి' బటన్ లేదు. స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"అడిగినోళ్ళకి ఆపేసేనే. అడగనోళ్ళకి కావాలేమో అనుకున్నాను. సైట్లో యోగా వీడియోలు పెడతన్నాను కదా," అంది.

"చేపలమ్ముకునే ఆవిడ నీ వీడియోలు చూస్తాదా?"

"పొయ్యి మీద కూరుందే, తర్వాత చేస్తాను," అంది.

"బటన్ ఎవరు తీసేరు?"

"ఇక్కడ ఒకతని చేత తీయించేను. నువ్వయితే తియ్యవని తెలుసు."

పొరపాటయిందని ఒక్క అబద్ధం చెప్పినా నమ్మి ఉండేదాన్ని. నేనెలాంటిదాన్నో తెలిసే, నా వెనకాల చేసింది.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కొక్కరి ఫోన్లో ఆటోపే రద్దు చేయించాను. రిటైరైన టీచరొకావిడ కళ్ళద్దాలు పైకి తోసి, "ఇందులో నీకూ వాటా ఉందా అమ్మా?" అని నెమ్మదిగా అడిగింది. లేదన్నాను. నమ్మిందో లేదో తెలియదు. నన్ను చూసే కదా వాళ్ళంతా ఒప్పుకున్నది.

డబ్బు వెనక్కివ్వకపోతే అందరిచేతా ఫిర్యాదు పెట్టిస్తానని స్నేహితురాలికి మెసేజ్ చేశాను. వారం లోపల అందరి ఖాతాల్లోనూ పడింది. నా నంబరు మాత్రం బ్లాక్ చేసింది.

డబ్బులు పడ్డాయని చెప్పడానికి అప్ప మళ్ళీ వచ్చింది. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి అడిగింది. "ఆ పిల్ల నీతో సదూకున్నాది కదా. మాటాడతందా?"

"లేదప్పా," అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.