రాజలింగు బావ ఓవర్‌కెంత

మా రాజలింగు బావ లోకంలో దేన్నైనా ఓవర్‌కెంత అనే కొలుస్తాడు. చంద్రపూర్ పక్కన దుర్గాపూర్ గనిలో డంపరు నడుపుతాడు, ఆదివారం మా జట్టుకు స్పిన్ వేస్తాడు. బంతి గాల్లో తేలుతూ తేలుతూ పోతుంది, వేసినవాడూ దాని వెంటే ఎటో పోయినట్టుంటాడు. ఓవర్‌కు నాలుగు పరుగులు దాటాయా, ఆ వారమంతా ఆయనకు బువ్వ సయించదు.

మొన్న డాక్టరు చేతికి పట్టీ చుట్టి, "బీపీ నూట నలభై ఉంది" అన్నాడు.

బావ కళ్లు మూసుకున్నాడు. "ఇరవై ఓవర్లల్ల గదా సార్. ఓవర్‌కు ఏడు. జర ఎక్కువే."

డాక్టరు నావైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

మధ్యాహ్నం వేపచెట్టు కింద మంచం మీద కునుకు తీస్తూ కూడా మణికట్టు తిప్పుతుంటాడు. "ఎవలకేస్తున్నవ్?" అని ఆయన భార్య, మా కమలాక్షక్క అడిగితే, "ఊకో, డాట్ బాల్ పడుతున్నది" అంటాడు కళ్లు తెరవకుండానే.

మా మైదానానికి ఒక కొసన నీళ్ల ట్యాంకు, రెండో కొసన గని తవ్వి పోసిన మట్టిగుట్ట. గుట్ట కొస నుంచి బౌలింగ్ చేస్తే గోవిందా. బంతి బౌలరు నెత్తి మీదుగా లేస్తే చాలు, గుట్టకు తగిలి సిక్సరు. అందుకే బావ ట్యాంకు కొస వదలడు. గుట్ట కొస పక్కింటి శ్రావణికి మిగులుతుంది. పాపం, ఎంత బాగా వేసినా ఆ పిల్లకు ఓవర్‌కు తొమ్మిది.

ఇంతలో అమ్మాయిల జిల్లా జట్టును ఎంపిక చేసే మేడమ్ మా ఆట చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ఓవర్‌కు ఆరు దాటితే తీసుకోరట. గనిలో బ్లాస్టింగు సైరన్ మోగి, ధూళి దిగేదాకా అందరం ఆట ఆపి కూర్చున్నప్పుడు కెప్టెన్‌గా నేనే కదిపాను.

"బావా, ఆ ఒక్కరోజు ట్యాంకు కొస పిల్లకియ్యి."

"ఇయ్య."

"ఎందుకు?"

"నా ఎకానమీ ఖరాబైతది."

శ్రావణి విని తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది.

ఆ రోజు రానే వచ్చింది. బంతి చేతికివ్వగానే బావ కలలో నడిచినట్టు నేరుగా గుట్ట కొసకు వెళ్లాడు.

"బావా, గటు కాదు."

"నాకెరికే. నువ్వు వికెట్ల ఎన్క నిలబడు."

అవతలి జట్టు వినాయక్ దంచుడు మొదలుపెట్టాడు. గుట్ట మీద ధూళి లేస్తూనే ఉంది. "కాకా, ఝోప్ లాగలీ కా?" అన్నాడు, నిద్రపట్టిందా అని మరాఠీలో వేళాకోళం. బావ నవ్వి, మళ్లీ బంతిని గాల్లో తేలుతూ పోయేట్టే వేశాడు. నాలుగు ఓవర్లూ అక్కడి నుంచే, ఓవర్‌కు పద్నాలుగు. ట్యాంకు కొస నుంచి శ్రావణి కూడా నాలుగు ఓవర్లు వేసింది, ఓవర్‌కు నాలుగు. మేడమ్ ఆమెను తీసుకున్నారు.

సాయంత్రం వేపచెట్టు కింద బావను పట్టుకున్నాను. "ఆనాడు ఇయ్యనంటివి గదా?"

"ఇస్తనంటె పిల్ల తీసుకుంటదా? నా లెక్క ఖరాబైతదని వద్దంటది."

నా కోపమంతా దిగిపోయి, ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. అయినా ఊరుకుంటానా. "మరి నీ పద్నాలుగు?"

"గది నా ఒక్కనిదెట్లయితది? మా ఇద్దరిది కలిపి చెప్పు."

కలిపాను. "తొమ్మిది."

బావ కళ్లు మూసుకున్నాడు. "జర ఎక్కువే" అని నవ్వుకుంటూ మణికట్టు తిప్పాడు.