లంకవాళ్ళు చెప్పే ఊరు

కాకినాడలో ఒక ప్రాజెక్టులో నా పని జబ్బుకి రంగులు వేయడం. స్టాటిస్టిక్స్ చదివి కొత్తగా చేరాను. ఆసుపత్రుల నుంచి వచ్చే వాంతులు, విరేచనాల కేసుల్ని ప్రతి సోమవారం ఊళ్ళవారీగా విడదీసి కంప్యూటర్లో డెల్టా పటం నింపేవాణ్ణి. ఎక్కువుంటే ఎరుపు, కొద్దిగా ఉంటే పసుపు, లేకపోతే తెలుపు. నీళ్ళలో వేసే క్లోరిన్ మాత్రలు ఎర్రటి ఊళ్ళకే వెళ్ళేవి.

ఆ ఏడాది కాలువలకు నీళ్ళు వదిలాక చాలా ఊళ్ళు ఎర్రబడి, రెండు వారాల్లో తేరుకున్నాయి. గోదావరి గట్టున ఒక రేవు ఊళ్ళో మాత్రం నాలుగో వారం కూడా తగ్గలేదు. లెక్క మూడుసార్లు సరిచూసుకుని, మాత్రల జీపులో నేనూ వెళ్ళాను.

ఇల్లిల్లూ తిరిగి పంచేశాక అక్కడి నర్సమ్మ నవ్వింది. "ఈ ఊళ్ళో మంచం పట్టినోళ్ళు లేరండి. మొన్ననే మీ ఆఫీసుకి చెబితే, పటంలో మీ ఊరే ఎర్రగా ఉందన్నారు."

అప్పుడే గోదావరి మధ్యనున్న లంక నుంచి పడవ వచ్చింది. ఒకామె, పడవాయన కలిసి ఆమె భర్తను మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టారు. ఆసుపత్రిలో ఏ ఊరని చెబుతారని అడిగాను. రేవు పేరే చెప్పింది.

"మీది లంక కదండీ?"

"లంకంటే ఏ లంకంటారు బాబూ, గోదాట్లో ఎన్ని లేవు! రేవు పేరైతే బస్సు కండక్టరుకి కూడా తెలుసు."

ఆసుపత్రి కాగితాల్లో ఉన్నదీ అదే. ఊళ్ళ జాబితాలో విడి నంబరు లేదని పటంలో లంకను రేవు ఊళ్ళో కలిపేసింది నేనే. అక్కడి అరవై ఇళ్ళకూ ఒక్క మాత్రా వెళ్ళలేదు.

"మా చిన్నది అత్త దగ్గరే ఉంది. ఆ నీళ్ళే తాగుతున్నారు. మందేమన్నా ఉంటే ఇయ్యండి."

జీపు ఖాళీ. ఇచ్చినవి వెనక్కి అడుగుదామని నాలుగు ఇళ్ళకు వెళ్ళాను.

"ఆయ్, ఇచ్చినవి మళ్ళీ అడుగుతారేంటండీ? రేపు మాకొస్తే?"

రాదని చెప్పడానికి నా దగ్గర ఏ లెక్కా లేదు. చివరికి డ్రైవరు సీటు కింద వెతికి పది మాత్రల అట్ట ఒకటి తెచ్చాడు. ఆమె దాన్ని పడవాయన చేతిలో పెట్టి, అత్తకిమ్మని చెప్పి ఆటో ఎక్కింది.

"మిగతా ఇళ్ళకేం చెప్పమంటారండి?" అన్నాడు పడవాయన.

సోమవారం లెక్క మారుస్తాననీ, ఆ తర్వాత పంపిస్తారనీ చెప్పాను.

"అందాకా నీళ్ళు తాగొద్దని చెప్పమంటారాండి?"