పక్క ఊరి జట్టు లేని కప్పు

ఆదివారం పొద్దున, ఈ పరాయి దేశంలో, టాంపినీస్ హాకర్ సెంటర్‌ తిండి దుకాణాల మధ్య నా ఎదుట కూర్చున్న తెలుగు ఉద్యోగి ఫోన్‌లో అమెరికా ఫుట్‌బాల్ చూస్తూ నిట్టూర్చాడు.

“నేను చదివిన కాలేజీ పెద్ద లీగ్‌లోకి మారింది అంకుల్. పేరొచ్చింది గానీ, పక్క కాలేజీతో ఏటా ఉండే మ్యాచ్ పోయింది.”

“దుష్మన్ పోతే ఏడుస్తవేందయ్యా?” అని నవ్వాను.

నవ్వే అర్హత నాకు లేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చి నేను పెట్టిన మొదటి సంతకం, మా ఊరిని కొత్త మండలంలో కలపమన్న అర్జీ మీదే. కలిపారు. మా కబడ్డీ జట్టు ఏటా మండలం కప్పు తెస్తోంది. పక్క ఊరు పాత మండలంలోనే ఉండిపోయింది. ఇక ఆ కప్పు ఎవరికి చూపించి మీసం తిప్పాలి?

“ఇప్పుడు ఆడేది మీవోళ్లేనా?”

“కాదంకుల్, ఆ పక్క కాలేజీ. వాళ్లు ఓడిపోతుంటే చూద్దామని.”

లేచి వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. “ఎవర్ని తిట్టాల్నో జెప్పు.”