గుడి చుట్టూ తిరగని ఇల్లుబండి

నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ జనం మరిచిపోయారు, ఒక్కటి తప్ప. అది గరివిడిలో ఇచ్చాను, కానీ వేదిక మీద నుంచి కాదు. ఎక్కడి నుంచో ఇప్పుడే చెబితే మీరు పుస్తకం మూసి నవ్వడం మొదలుపెడతారు. నా పరువు అంత తొందరగా పోవడం నాకిష్టం లేదు. నెమ్మదిగా పోనివ్వండి.

ముందు నాలుగేళ్ల కిందటి నన్ను పరిచయం చేస్తాను. మహా హేతువాది. దిష్టి, వర్జ్యం, ఎదురొచ్చిన పిల్లి, వీటిలో దేని పేరు వినబడినా చాలు, ఎదుటివాడు నోరు తెరిచేలోగా మూడు ప్రశ్నలు వేసి, వాటికి నేనే జవాబులు చెప్పి, గెలిచి, ఇంటికొచ్చి అన్నం తినేసేవాణ్ణి.

అలా ముప్పై ఏళ్లు ఊరూరా మాట్లాడాను. మా ఆవిడ సత్యవతి మాత్రం ఒక్క సభకూ రాలేదు. ఎందుకని అడిగితే ఒకటే మాట.

"మీ సభల్లో సమానత్వం ఉంటాది గాని మరుగుదొడ్డి ఉండదు. పొద్దున్న బయల్దేరి రాత్రికి ఇల్లు సేరేదాకా ఆడమనిషి ఏటి సెయ్యాల?"

నేను ఓడిపోయిన వాదం అదొక్కటే. దానికి జవాబుగా ఇల్లుబండి కొనాలనుకున్నాను. పాత మినీబస్సులో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, వెనక చిన్న బాత్రూం అమర్చిన బండి అన్నమాట. పెద్ద ఊళ్లలో మోటర్‌హోం అంటారు. శ్రీకాకుళం శివార్లలో రమణ అనే మేస్త్రి తన షెడ్డులో తయారుచేస్తాడు. సత్యవతి ఒక్కసారైనా ముందు వరసలో కూర్చుని నా మాట వినాలి. నా కోరికల్లా అదే.

హేతువాది కదా, గుడ్డిగా కొంటానా? రమణ దగ్గర అంతకుముందు బండ్లు తీసుకున్న ఐదుగురిని వెతికి పట్టుకున్నాను. ప్రశ్నాపత్రం తయారుచేశాను. కప్పు కారుతోందా? తలుపులు బిగుస్తున్నాయా? గొట్టాలు ఊడుతున్నాయా? దారిలో మొరాయించిందా?

నెల్లిమర్లలో ఉండే శామ్యూలు గారు, రిటైరైన హెడ్మాస్టరు, బాప్టిస్టు చర్చి పెద్ద, ఫోన్‌లోనే పొంగిపోయారు.

"మాస్టారూ, నా బండి బంగారం! రెండేళ్లు అయినాది. ఒక్క మేకు కదల్నేదు."

"వానలో?"

"వానలో మా ఇల్లు కారుతాది గాని బండి కారదు."

మిగిలిన నలుగురూ అంతే. ఐదుగురి జవాబులూ గళ్ల కాగితం మీద ఎక్కించి, అన్ని గళ్లలోనూ 'బాగుంది' అని రాసి, ఆ కాగితాన్ని సత్యవతి ముందు పరీక్ష పాసైన పిల్లాడిలా పరిచాను. ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయానని అప్పుడు నాకు తెలియదు. అదేమిటో కాసేపు ఆగండి.

బండి చేతికొచ్చిన రోజునే సాయంత్రం గరివిడిలో సభ. సత్యవతి కొత్త చీర కట్టుకుంది. షెడ్డుకి వెళ్లేసరికి రమణ బానెట్‌కి పసుపు రాసి, టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, చేతిలో కొబ్బరికాయతో నిలబడ్డాడు.

"రండి బాబూ, అరసవిల్లి గుడికి ఎల్లొచ్చీద్దుం."

మీరు ఊహించగలరు. పులి ముందు మేకపిల్లని కట్టినట్టయింది.

"రమణా, నిమ్మకాయ తొక్కితే బ్రేకులు బాగా పడతాయా? కొబ్బరికాయ కొడితే ఇంజనుకి బలం వస్తుందా? పసుపు రాస్తే తుప్పు పట్టదా?"

"అది కాదు బాబూ..."

"కాదు కదా! నువ్వే ఒప్పుకున్నావు."

"నిమ్మకాయలు తీసీస్తాను. గుళ్లోకీ రావద్దు. ఊరికే బండి అటు తిప్పి..."

"గుడి వైపు చక్రం తిప్పడమే లొంగిపోవడం!"

సత్యవతి నెమ్మదిగా అంది. "ఎల్లొస్తే ఏటి పోతాది? గంట పని."

"సిద్ధాంతం పోతుంది."

రమణ ఇంకోసారి నోరు తెరిచాడు. నేను ఇంకో మూడు ప్రశ్నలు వేశాను. అతను కొబ్బరికాయ సంచీలో పెట్టుకున్నాడు. గెలిచాను. ఆ గెలుపు ఆనందంలో నిమ్మకాయలు తీయించి, వాటితో షరబత్తు కలిపించి, అందరికీ ఇచ్చి మరీ బయల్దేరాను. నా మీద మీకు ఇప్పటికే కోపం వస్తూ ఉంటే తప్పులేదు, నాకూ వస్తోంది.

చిలకపాలెం దాటాక మొదటి గతుకు. వెనక వంటగది అలమర తలుపులు తెరుచుకుని చప్పట్లు కొట్టాయి. రెండో గతుక్కి పోపుడబ్బా దూకేసింది. మూడో గతుక్కి కుళాయి ఊడి, పెళ్లిలో పన్నీరు చల్లినట్టు సత్యవతి కొత్త చీర మీద నీళ్లు చల్లింది.

"ఏటండీ ఇది!"

"కొత్త బండి. సర్దుకుంటుంది."

"బండి సర్దుకుంటన్నాదో నేదో గాని, ఓ కాలితో అలమర, ఓ కాలితో గేస్‌బండ పట్టుకుని నేను సర్దుకుంటన్నాను!"

"ఐదుగురు బాగుందన్నారు సత్యా."

"ఆ ఐదుగుర్నీ తెచ్చి ఇక్కడ కూకోబెట్టండి."

నాలుగింటికి గరివిడి చేరాం. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కలిసి నూటికి పైగా జనం. మైదానంలో కుర్చీలు, వేదిక, వేదిక మీద నా ఉపన్యాసం పేరుతో పెద్ద బ్యానరు: 'పదిమంది చెబితే నిజమైపోతుందా?'

ముఖం కడుక్కుని దిగుదామని బాత్రూంలోకి వెళ్లాను. తలుపు వేసుకున్నాను. కడుక్కున్నాను. పిడి తిప్పాను. పిడి మహా మర్యాదగా నా చేతిలోకి వచ్చేసింది. తలుపు రాలేదు. దారి పొడవునా కుదుపులకి చట్రం ఒక పక్కకి ఒరిగి తలుపుని పట్టేసింది.

"ఏటైనాది?" బయట నుంచి సత్యవతి.

"ఏమీ లేదు. తలుపు ఆలోచిస్తోంది."

రెండు నిమిషాల్లో సభ పెట్టిన సింహాచలం పరుగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, జనం ఒచ్చీసారు!"

"నేనూ వచ్చేశాను సింహాచలం. తలుపు ఒక్కటే రావాలి."

గునపంతో పగలగొడదామన్నారు. సత్యవతి రమణకి ఫోన్ చేస్తే అతను బెంబేలెత్తిపోయాడు. "వద్దమ్మా వద్దు! కరెంటు తీగలూ నీళ్ల గొట్టాలూ ఆ గోడలోనే ఉన్నాయి. మోటార్సైకిలు మీద ఒచ్చీస్తాను, గంటన్నర ఆగండి."

షిఫ్టు చేసి వచ్చిన మనుషులు గంటన్నర ఆగుతారా? ముప్పై ఏళ్లకి వచ్చిన సత్యవతి, తడిసిన చీరతో, ఏమీ వినకుండానే వెళ్లిపోతుందా? బాత్రూం గోడకి పైన జానెడు వెంటిలేటరు ఉంది. కమోడ్ మూత వేసి దాని మీదికెక్కితే ముక్కు దాకా కనిపిస్తాను.

"సింహాచలం, కుర్చీలు ఇటు తిప్పించు!"

నూరు కుర్చీలు వేదికకి వీపు పెట్టి బండి వైపు తిరిగాయి. మైకుని తువ్వాలుతో వెంటిలేటరుకి కట్టారు. ముందు వరసలో, నడి మధ్యలో, సత్యవతి. నా కోరిక అక్షరాలా తీరింది. ఇలా తీరుతుందని మాత్రం అనుకోలేదు.

గొంతు సవరించుకున్నాను. "మిత్రులారా! ఒక మాటని పదిమంది చెప్పినంత మాత్రాన..."

రెండో వరసలో ఒకావిడ లేచింది. "బాబూ, ఒక్క మాట. ఈ బండి మంచిదని తమరికి ఎవులు సెప్పినారు?"

నేను అబద్ధం ఆడను. అదొక్కటే నాకున్న ఆస్తి. "ఐదుగురు చెప్పారమ్మా."

"మరి కొనేముందు తమరు నడిపి సూసినారా?"

"... లేదమ్మా."

జనం నవ్విన నవ్వుకి బండి ఊగింది. ఎక్కడో ఒక స్క్రూ కింద పడింది. నవ్వుతున్న వాళ్లలో సత్యవతి కూడా ఉంది. అది చూసి నాకేదో తేలికైంది. రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నిమ్మకాయల నుంచి పిడి దాకా జరిగిందంతా చెప్పేశాను. గళ్ల కాగితం సంగతి వచ్చేసరికి వెనక వరస నుంచి శామ్యూలు గారు లేచారు. నా ఉపన్యాసం విందామని నెల్లిమర్ల నుంచి వచ్చారట.

"మాస్టారూ, నా బండికీ మొదటి రోజు కుళాయి ఊడినాది!"

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగనేదు! 'ఇప్పుడెలా ఉంది' అనే అడిగేరు. నేను గుడికెల్లను గదా, పాస్టరు గారిని కూకోబెట్టుకుని మా చర్చికి తీసుకెళ్లి, ప్రార్థన సేయించి, ఎనక్కి షెడ్డుకి తెచ్చేను. కదిలిపోయినవన్నీ రమణ ఆ రోజే బిగించీసేడు."

'మొదటి రోజు ఏమైంది?' ఇదీ నేను అడగని ప్రశ్న. తర్వాత కనుక్కుంటే, ఐదుగురి బండ్లూ మొదటి రోజు ఎక్కడికో వెళ్లి వెనక్కి షెడ్డుకి వచ్చాయి. నాది ఒక్కటే రాలేదు.

అప్పుడే రమణ వచ్చాడు. చట్రం సందులో సన్నటి ఉలి దూర్చి, భుజంతో ఒక్క తోపు తోశాడు. తలుపు తెరుచుకుంది. చేతిలో పిడితో బయటికొచ్చాను.

"ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదయ్యా!"

"సెప్పనిచ్చినారా బాబూ?" రమణ చెమట తుడుచుకున్నాడు. "అరసవిల్లి ఎల్లొస్తే దారంట స్పీడుబ్రేకర్లూ, గుంతలూ తగుల్తాయి. కొత్త బండిలో ఏటి వదులో అదే సెప్తాది. దణ్ణం ఎట్టుకునేవోళ్లు ఎట్టుకుంటారు. నేను సెవి ఒగ్గి సప్పుడు ఇంటాను. ఒచ్చేక బిగిస్తాను. దేవుడి పని దేవుడిది, స్పేనరు పని నాది."

ఆ మైదానంలో ఒక హేతువాది ఉన్నాడు. అతని పేరు రమణ. నేను గళ్ల కాగితం మీద గుడ్డి నమ్మకం పెట్టుకున్న భక్తుణ్ణి.

ఇంటికి వెళ్లే దారిలో ధైర్యం చేసి అడిగాను. "సత్యా, ఉపన్యాసం ఎలా ఉంది?"

"మీరు బాగా మాట్లాడతారని ముప్పై ఏళ్లుగా అందరూ సెప్తన్నారు. నేను నమ్మనేదు. ఇవాళ నా సెవులతో ఇన్నాను."

"విని?"

"తలుపు తీసేదాకా సేలా బాగున్నాది."

మర్నాడు ముగ్గురం అరసవల్లి వెళ్లాం. సత్యవతి లోపలికెళ్లింది, నేను బయట బండి తిప్పాను, రమణ వెనక కూర్చుని చప్పుళ్లు రాసుకున్నాడు. రెండు పేజీలు వచ్చాయి. సాయంత్రానికి అన్నీ బిగించాడు. నాలుగేళ్లలో మళ్లీ కుళాయి కదల్లేదు, కప్పు కారలేదు. సత్యవతి అప్పటి నుంచి ఒక్క సభ మానలేదు. రెండో వరసలో లేచి ప్రశ్న అడిగే ఆవిడ ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ సత్యవతే. బండి ఎలా ఉందని ఎవరైనా నాకు ఫోన్ చేస్తే, ముందు ఆ రెండు పేజీలూ చదివి వినిపిస్తాను, ఆ తర్వాతే బాగుందని చెబుతాను.

ఇక ప్రతిజ్ఞ. దేవుడి మీద చేయలేను. రాజ్యాంగం మీద చేయడానికి విషయం మరీ చిన్నది. కాబట్టి ఇప్పటికీ నా బల్ల మీదున్న ఆ బాత్రూం పిడిని కుడిచేత పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ కొత్త బండినీ అరసవల్లి తిప్పకుండా రోడ్డెక్కించను. అక్కడ దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదానికి నేనెప్పుడూ సిద్ధమే. గుంతలు మాత్రం ఉన్నాయి. అదీ నేను చెప్పానని నమ్మకండి, మీరే వెళ్లి చూసి రండి.